కారు ఏసీలో ఏది ఆపితే ఏది ఆగుతుంది?

కారులోని మామూలు ఏసీకీ, ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ అనే ఏర్పాటుకీ చల్లబరిచే యంత్రాంగంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ యంత్రాంగాన్ని ఎవరు నడుపుతారన్న దానిలోనే ఉంది. మామూలు ఏసీలో చల్లదనం ఎంత కావాలో, గాలి ఎంత జోరుగా రావాలో, అది ముఖానికి తగలాలో కాళ్ల దగ్గరికి పోవాలో కారు నడిపేవారే మీటలు తిప్పి నిర్ణయిస్తారు. క్లైమేట్ కంట్రోల్ ఉన్న కారులో 24 డిగ్రీలు కావాలని చెప్పి ఆటో బటన్ నొక్కితే, మిగిలిన నిర్ణయాలన్నీ ఒక చిన్న కంప్యూటర్ తీసుకుంటుంది. ఈ సౌకర్యం మధ్యతరగతి కొనే కార్లలోకీ వచ్చింది గాని, దాన్ని ఎప్పుడు, ఏ మేరకు ఆపాలన్నది మాత్రం చాలామందికి అర్థం కాకుండానే ఉండిపోయింది. ఇందులో ఆపడమనేది ఒక్క పని కాకపోవడమే అందుకు కారణం.

ఆ కంప్యూటర్‌కు సమాచారం సెన్సర్ల నుంచి అందుతుంది. ముందు బంపర్ వెనుక ఉండే సెన్సర్ బయటి వేడిని, డాష్‌బోర్డులో సన్నని రంధ్రాల వెనుక ఉండేది లోపలి వేడిని కొలుస్తాయి. ముందు అద్దం కింద, డాష్‌బోర్డు పైభాగాన ఉండే మరొకటి ఎండ తీవ్రతను పసిగడుతుంది. ఎండ సెన్సర్ మీద దేవుడి బొమ్మో, తువ్వాలో, కాగితాల కట్టో పెడితే బయట నీడగా ఉందని యంత్రం భ్రమపడి చల్లదనం తగ్గిస్తుంది కనుక, మండుటెండలో ఏసీ సరిగా పనిచేయడం లేదని మెకానిక్కు దగ్గరికి వెళ్లేముందు డాష్‌బోర్డు ఒకసారి చూసుకోవడం మంచిది.

గాలి చల్లబడే తీరు కూడా తెలియాలి. కంప్రెసర్ అనే పంపు శీతలీకరణ వాయువును ఒత్తిడికి గురిచేస్తుంది. ఆ వాయువు రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో తన వేడిని వదిలి ద్రవమై, మెకానిక్కులు కూలింగ్ కాయిల్ అని పిలిచే ఎవాపరేటర్‌లో మళ్లీ ఆవిరవుతూ, దాని మీదుగా వీచే గాలిలోని వేడిని లాక్కుంటుంది. గాలిలోని తేమ ఆ కాయిల్ మీద నీరుగా మారి గొట్టం గుండా కారు కిందికి చుక్కలుగా పడుతుంది. ఇలా చల్లబడి పొడిబారిన గాలిలో కొంత భాగాన్ని, ఇంజిన్ వేడినీరు ప్రవహించే హీటర్ మీదుగా ఒక చిన్న తలుపు దారి మళ్లిస్తుంది. చల్లగాలి, వెచ్చని గాలి ఏ పాళ్లలో కలవాలో ఆ తలుపే నిర్ణయిస్తుంది, ఆ తలుపును కంప్యూటర్ కదుపుతుంది.

ఈ సంగతి తెలిస్తే ఒక అపోహ తొలగిపోతుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అంకెను అట్టడుగుకు దించితే త్వరగా చల్లబడుతుందని చాలామంది నమ్ముతారు గాని, 24 దగ్గరే ఉంచినా లోపల వేడి ఎక్కువగా ఉందని గుర్తించిన యంత్రం తన శక్తినంతా వినియోగించి చల్లబరుస్తుంది. అట్టడుగున ‘లో’ అనే స్థానానికి దించితే చాలా కార్లలో ఆ నియంత్రణే పక్కకు తప్పుకొని, గడ్డకట్టే చలి పుట్టినా చల్లగాలి ఆగకుండా వస్తుంది. మొదట ఒకటి రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలిని బయటికి పోనివ్వడం అంతకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ఆపడం సంగతి. కారు ఏసీల తొలినాళ్లలో ఇది ఎంత కష్టమంటే, అమెరికాలో 1940 మోడల్‌గా ఏసీతో వచ్చిన ప్యాకార్డ్ కార్లలో కంప్రెసర్‌ను ఇంజిన్ నుంచి విడదీసే క్లచ్ లేనందున, చల్లదనం వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టునే ఊడదీయవలసి వచ్చేది. కోరిన ఉష్ణోగ్రతను తనంతట తానే నిలబెట్టే ఏర్పాటును 1964లో క్యాడిలాక్ ‘కంఫర్ట్ కంట్రోల్’ పేరుతో తెచ్చింది. నేటి కార్లలో ఆపే మార్గాలు మూడున్నాయి, వాటి ఫలితాలూ వేర్వేరే. గాలిని లోపలికి తోసే ఫ్యాన్, అంటే బ్లోవర్ వేగాన్ని చేత్తో మారిస్తే ఆటో దీపం ఆరిపోయినా ఉష్ణోగ్రత నియంత్రణ కొనసాగుతూనే ఉంటుంది. ఆటో మళ్లీ నొక్కితే అంతా యంత్రం చేతికి వెళుతుంది. ఏసీ బటన్ ఆపితే కంప్రెసర్ మాత్రమే ఆగుతుంది, గాలి వస్తూనే ఉంటుంది. ఆఫ్ బటన్ నొక్కితే బ్లోవర్ కూడా ఆగిపోతుంది.

వీటిలో రెండోదైన ఏసీ బటన్ ఎక్కువగా అపార్థానికి గురైంది. కంప్రెసర్ ఆగాక కూడా తెర మీద 24 కనిపిస్తూనే ఉంటుంది, కాని బయట 38 డిగ్రీలున్నప్పుడు అంతకన్నా చల్లని గాలిని ఆ యంత్రం ఎక్కడి నుంచీ తేలేదు. ఆ అంకె కేవలం కోరిక. అయినా ఈ బటన్ ఆపవలసిన సందర్భాలున్నాయి. గమ్యం చేరడానికి కొద్ది నిమిషాల ముందు కంప్రెసర్ ఆపి బ్లోవర్‌ను నడవనిస్తే కాయిల్ మీది తడి ఆరి, అందులో సూక్ష్మజీవులు పెరిగి వచ్చే ముక్క వాసన తగ్గుతుంది. అరకు వైపు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పితే ఇంజిన్ వేడిలో కొంత కారు లోపలికి మళ్లుతుంది. లోపలివారికి ఇబ్బందే గాని, క్షేమంగా బండి నిలిపే చోటు దొరికేదాకా అది ఇంజిన్‌ను కాపాడవచ్చు.

వానాకాలంలో మాత్రం పొదుపు కోసమని కంప్రెసర్ ఆపడం ప్రమాదకరం. ప్రయాణికుల ఊపిరిలోని తేమ చల్లని అద్దం లోపలివైపు పొగమంచులా పట్టి దారి కనిపించకుండా చేస్తుంది. దాన్ని పీల్చివేసేది ఏసీయే కనుక, ముందు అద్దం గుర్తున్న బటన్ నొక్కితే చాలా కార్లలో కంప్రెసర్ తనంతట తానే మొదలై, బయటి గాలి లోపలికి వస్తుంది. అమెరికాలోని తెలుగువారికి చలికాలంలో ఏసీ దీపం వెలగడం వింతగా తోచవచ్చు గాని, అక్కడ అది చేసేది గాలిని ఆరబెట్టే పనే. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల ఉక్క రాత్రులలో దీనికి విరుద్ధమైన చిక్కు వస్తుంది. చల్లగాలి తగిలి అద్దం మరీ చల్లబడితే బయటివైపు మంచు పడుతుంది. అప్పుడు వైపర్లు వేసి, అద్దం మీదికి పోయే గాలిని దారి మళ్లించి, ఉష్ణోగ్రత పెంచాలి. లోపలివైపు వేలితో గీసి చూస్తే తేమ ఏ పక్క ఉందో వెంటనే తేలిపోతుంది.

లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ త్వరగా చల్లబరచడానికీ, లారీ పొగను తప్పించుకోవడానికీ మేలైనదే. గంటల తరబడి అలాగే వదిలేస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత కమ్ముతుంది కనుక, రాత్రి ప్రయాణాలలో నడుమ నడుమ బయటి గాలిని రానివ్వడం తప్పనిసరి.

విద్యుత్ కార్లలో వేడినిచ్చే ఇంజిన్ లేనందున చల్లదనానికీ, వెచ్చదనానికీ బ్యాటరీ శక్తే ఖర్చవుతుంది. చార్జింగ్‌లో ఉండగానే కారును ముందుగా చల్లబరుచుకుంటే ఆ భారం దారిలో తగ్గుతుంది. పెట్రోలు, డీజిలు కార్లలో ఇంజిన్ ఆగితే కంప్రెసరూ ఆగుతుంది. మూసిన కారు ఎండలో నిమిషాల్లోనే భరించరానంతగా వేడెక్కుతుంది. పసిపిల్లలను ఒక్క క్షణమైనా అందులో వదలకూడదు. ఏసీ కోసం మూసిన షెడ్డులో ఇంజిన్ నడుస్తుండగా నిద్రపోవడమూ అంతే ప్రాణాంతకం; వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంటే మెలకువ కూడా రాదు.