మంచుకు పట్టిన నాచు

1818వ సంవత్సరంలో గ్రీన్‌లాండ్ వాయవ్య తీరం వెంట సాగిపోతున్న బ్రిటిష్ నౌకలలోని వారికి ఒక వింత దృశ్యం కంటబడింది. తీరపు కొండచరియల మీది మంచు తెల్లగా లేదు. నెత్తురు చిలికినట్లు ఎర్రబారి ఉన్నది. నాయకుడు జాన్ రాస్ ఆ మంచును కొంత ఇంగ్లండుకు తీసుకొనివచ్చాడు. ఉల్కల నుండి రాలిన ఇనుమే ఆ ఎరుపునకు కారణమై ఉండవచ్చునని లండన్ ‘టైమ్స్’ పత్రిక ఊహించింది. నిజానికి అది ఇనుమూ కాదు, నెత్తురూ కాదు, నాచు!

మిల్లీమీటరులో సుమారు 50వ వంతు ఉండే ఈ ఏకకణ జీవి కరుగుతున్న మంచులో వృద్ధి చెందుతుంది. చెట్ల ఆకులలో ఉండే పత్రహరితమే దీనిలోనూ ఉన్నది. అయితే తీక్షణమైన ఎండ నుండి కాచుకొనడానికి కొన్ని జాతులు ఒంటినిండా ఎర్రని వర్ణద్రవ్యాన్ని కూర్చుకొంటాయి. ఉడికించిన రొయ్యకు ఎరుపునిచ్చే పదార్థం కూడా అదే.

వింతగా చూసి ఊరుకొనదగిన విషయం కాదిది. తెల్లని మంచు తనపై పడిన వెలుతురులో అధికభాగాన్ని తిప్పికొడుతుంది. రంగు పట్టిన మంచు వేడిని పీల్చి త్వరగా కరుగుతుంది. ఆ నీటితో నాచు మరింత పెరుగుతుంది. అలాస్కాలోని హార్డింగ్ హిమక్షేత్రంలో, నాచు పట్టినచోట కరిగిన మంచులో 17 శాతానికి ఈ సూక్ష్మజీవులే కారణమని 2017లో వెలువడిన పరిశోధన తేల్చింది.

మరి ఎక్కడ ఎంత నాచు ఉన్నదో కాలినడకన తిరిగి కొలిచేదెవరు? ఆ పనికి 786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే సెంటినెల్-2 ఉపగ్రహాలు అక్కరకు వచ్చాయి. వాటి చిత్రంలో 10 మీటర్ల చదరం ఒక్క చుక్క మాత్రమే. కణాన్ని అవి చూడలేవు. కణాలు మింగిన వెలుతురును లెక్కకట్టగలవు. శుభ్రమైన మంచు కంటికి కనిపించే రంగులన్నిటినీ ఇంచుమించు సమంగా తిప్పిపంపుతుంది. పత్రహరితమో, ఎరుపు కాంతిలో ఒక భాగాన్ని మింగివేస్తుంది. తిరిగివచ్చిన వెలుతురులో సరిగా ఆ భాగమే తగ్గితే అక్కడ నాచు ఉన్నట్లు. గాలికి వచ్చిన ధూళి కూడా మంచును మలినం చేస్తుంది గాని, ఈ లోటు దానికి ఉండదు.

ఈ ఉపాయంతోనే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే శాస్త్రజ్ఞులు అంటార్కిటికా ద్వీపకల్పంపై పచ్చని నాచుకు పటం గీచి 2020లో ప్రకటించారు. మొత్తం 1,679 మడులు, వైశాల్యం 1.9 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 470 ఎకరాలు. ఎర్రనాచు ఈ లెక్కలో చేరలేదు. మడులలో 60 శాతానికి పైగా పెంగ్విన్ల ఆవాసాలకు 5 కిలోమీటర్ల లోపుననే ఉన్నాయి. ఆ పక్షుల రెట్టయే ఎరువు! సుమారు మూడింట రెండు వంతుల మడులు పల్లపు చిన్న దీవులలోనివి. ఎండలు ముదిరితే అక్కడ మంచే మిగలకపోవచ్చు.

మన హిమాలయాలలోనూ నాచు ఉన్నది. నేపాల్‌లోని హిమానీనదంపై నాచును, బాక్టీరియాను తిని బ్రతికే ఒక కీటకాన్ని జపాన్ శాస్త్రజ్ఞుడు కోషిమా 1984లో లోకానికి తెలిపాడు. కాని అచ్చట మంచు కరిగే నెలలూ, నైరుతి మేఘాలు కమ్మే నెలలూ ఒక్కటే. మేఘం అడ్డువచ్చిన నాడు ఈ ఉపగ్రహాల చూపు దిగువకు చేరదు. నమూనా కోసం మనిషి సీసా పట్టుకొని కొండ ఎక్కవలసినదే.