సరంగు ముందరి అద్దం

యానాం, కాకినాడ తీరాల్లో మరపడవ నడిపే సరంగుకు ఎదుటి అద్దమే కన్ను. ఇంటి కిటికీ గాజు అక్కడ పనికిరాదు. అల తాకిడికి పగిలితే పెచ్చులు ముఖాన గుచ్చుకొంటాయి. టఫెన్డ్ గాజు పగిలితే మొద్దుబారిన చిన్న ముక్కలవుతుంది. నడుమ ప్లాస్టిక్ పొర గల లామినేటెడ్ గాజైతే పగిలినా చాలవరకు చట్రంలోనే నిలుస్తుంది.

టఫెన్డ్ గాజును తయారైన తరువాత కోయడం, తొలచడం కుదరదు. అందుచేత ముందుగా పలుచని చెక్కతో అచ్చు కోసి, చట్రంలో పెట్టి చూసుకోవాలి. అచ్చు బిగుతుగా ఉండరాదు. అలల మీద పడవ మెలిదిరుగుతుంది, ఎండకు చట్రం వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడంతా గాజు అంచుల మీదనే పడుతుంది. చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ విడిచి, రబ్బరు పట్టీ వేసి, గాజు లోహానికి తగలకుండా కూర్చోబెట్టాలి. పులుపు వాసన వచ్చే సిలికాన్ లోహపు చట్రాన్ని తినివేస్తుంది. ధర ఎక్కువైనా న్యూట్రల్ రకమే మేలు.

నల్ల ఫిల్మ్ అతికించడం షోకే గానీ, రాత్రివేళ ఎదుటి నావ కానరాదు. అద్దంపై ఉప్పు పేరుకొన్నప్పుడు పొడిగుడ్డతో రుద్దక, మంచినీటితో కడిగిన తరువాతే తుడవాలి.