ఎండోస్కోపీకి మత్తు.. ఏ మందుతో ఏం జరుగుతుంది? ముందే ఏం అడగాలి?

గొంతులోంచి గొట్టం వేస్తారంటే ఎవరికైనా భయమే. అందుకే ‘మత్తు ఇస్తారా?’ అని అడుగుతాం. ఏ మత్తు ఇస్తారు, ఆ సమయంలో ఊపిరిని ఎవరు గమనిస్తారు అన్నదీ అడిగి తెలుసుకోవాలి.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు గాంధీ, ఉస్మానియా ప్రభుత్వ ఆస్పత్రులు దగ్గర. రెండింటిలోనూ గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాలున్నాయి. ఎక్కడికి వెళ్లినా మత్తు పద్ధతులు దాదాపు ఇవే.

స్ప్రే మాత్రమే: లిగ్నోకెయిన్ స్ప్రేతో గొంతు మొద్దుబారుతుంది. మెలకువగానే ఉంటారు, కాస్త ఓకరింత వస్తుంది. మామూలు పరీక్ష 5-10 నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి చాలామందికి ఇది చాలు. గొంతు తిమ్మిరి పోయేదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు.

మిడజోలమ్ + ఫెంటానిల్: మొదటిది ఆందోళన తగ్గిస్తుంది, రెండోది నొప్పిని. అయితే రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి, కలిస్తే ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. రెండింటికీ విరుగుడు ఉంది: ఫ్లుమజెనిల్, నాలోక్సోన్.

ప్రొపోఫోల్: పాలలా తెల్లగా ఉండే ఇంజెక్షన్. నిమిషంలోపే నిద్ర పడుతుంది, త్వరగా తేరుకుంటారు. కానీ దీనికి విరుగుడు లేదు. బీపీ పడిపోవచ్చు, ఊపిరి ఆగవచ్చు. ఫెంటానిల్ కొద్దిగా కలిపితే ప్రొపోఫోల్ మోతాదు తగ్గుతుంది కానీ ఊపిరిపై నిఘా తగ్గించకూడదు. మత్తు డాక్టరు పక్కనే ఉన్నారా అని అడగండి.

ప్రొపోఫోల్ + కెటమైన్: కెటమైన్ బీపీని అంతగా పడనివ్వదు. తేరుకునేటప్పుడు వాంతులు, కలవరింతలు రావచ్చు.

ఏ మత్తు ఇచ్చినా వేలికి ఆక్సిజన్ క్లిప్పు, బీపీ పరీక్ష, పక్కన ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి.

డాక్టరుకు ముందే చెప్పండి: గట్టిగా గురక, ఆస్తమా, గుండె జబ్బు, గర్భం, అలర్జీలు, మద్యం అలవాటు, నిద్రమాత్రలు, షుగర్ మందులు. సాధారణంగా 6 గంటల ముందు నుంచి ఆహారం, 2 గంటల ముందు నుంచి నీళ్లు మానాలి. ఆస్పత్రి ఇంకా ఎక్కువసేపు చెబితే అదే పాటించండి.

ఇంటికి ఎలా?: మత్తు ఇస్తే 24 గంటలు బండి నడపొద్దు, ముఖ్యమైన కాగితాలపై సంతకాలు చేయొద్దు. గాంధీ ఆస్పత్రి మెట్రో స్టేషన్ నుంచి చిక్కడపల్లి మూడో స్టేషనే అయినా ఒంటరిగా రావద్దు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు రూమ్మేట్‌నైనా వెంట తీసుకెళ్లండి. మత్తు వద్దనుకుంటే, స్ప్రేతో చేయగలరేమో డాక్టరును నిస్సంకోచంగా అడగవచ్చు.