3124వ గడిలో ‘ఴ’

తమిళుల కోఴి మనకు కోడి, వాళ్ల ఏఴు మనకు ఏడు. చోఴులు తెలుగు నేల మీద చోడులయ్యారు. పానగల్లు నుంచి ఏలిన వాళ్లు కందూరు చోడులు. వాళ్లకంటే ముందటి రేనాటి చోడుల శాసనాల్లో ఈ ధ్వనికి సొంత అక్షరమే ఉండేది. నన్నయ కాలానికి అది వాడుకలోంచి తప్పుకుంది.

కంప్యూటర్‌కు అక్షరమంటే ఒక నంబరు. దాని రూపం ఫాంటు చూసుకుంటుంది. ఆ నంబర్లను నిర్ణయించే యూనికోడ్ ప్రమాణం 1991లో వచ్చిన తన మొదటి వెర్షన్‌లో భారతీయ లిపులను మన ‘ఇస్కీ’ ప్రమాణం వరుసలోనే పేర్చింది. తెలుగు వరుసలో ‘ళ’కు 3123, ‘వ’కు 3125 దక్కాయి. నడుమ 3124 ఖాళీ. తమిళ, మలయాళ వరుసల్లో సరిగ్గా అదే చోట ఈ అక్షరం ఉంది. కన్నడంలో వేరే చోట ఇచ్చారు, పైగా పొరపాటున ‘ఫ’ అని పేరు పెట్టారు. ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదన్నది యూనికోడ్ నియమం. అందుకే సవరణను పక్కన మరో పేరుగా చేర్చాల్సి వచ్చింది.

మనవాళ్లు మాత్రం శాసన పాఠాన్ని టైపు చేయాలంటే రోమన్ ‘ఎల్’ కింద గీత గీసుకోవాల్సి వచ్చేది.

ఈలోగా ప్రాచీన లిపులు ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి వచ్చాయి. అరమాయిక్ నుంచి పుట్టిన ఖరోష్ఠికి 2005లో చోటు దొరికింది. పారసీక సామ్రాజ్యపు కచేరీల్లో నడిచిన, అశోకుడు కాందహార్ బండ మీద గ్రీకుతో పాటు చెక్కించిన అరమాయిక్ 2009లో చేరింది. దాని మొదటి అక్షరం ‘ఆలెఫ్’ నంబరు 67648. మరుసటి ఏడు బ్రాహ్మి వచ్చింది.

తెలుగు గడి కోసం 2012లో శ్రీరమణ శర్మ, సురేశ్ కొలిచాల, నాగార్జున వెన్న, వినోద్ రాజన్ ప్రతిపాదన పంపారు. 2014 జూన్‌లో యూనికోడ్ 7.0తో ‘ఴ’ 3124లో కూర్చుంది. యూటీఎఫ్-8 ఫైల్లో అది 224, 176, 180 అనే మూడు బైట్లుగా నిలుస్తుంది. ఆలెఫ్‌కు నాలుగు బైట్లు కావాలి.

వెబ్ పేజీ కోడ్‌లో ఴ అని రాస్తే ఈ అక్షరం తెర మీదికి వస్తుంది. డబ్బా కనిపిస్తే లోపం ఫాంటుది, కొత్తది వేసుకోండి. శాసనాలను తెలుగులో ఎక్కించేవాళ్లు ఇకనైనా ‘ళ’తో సరిపెట్టకుండా ‘ఴ’నే వాడాలి.