డ్రాయింగ్‌లో 6, ఫోర్‌మన్ నోట 8: కోత ఎవరి జీతంలో?

జుబైల్‌లోనో యన్బులోనో ట్యాంకు పనిలో ఉన్న వెల్డర్ అన్నలకు ఈ మాట కొత్త కాదు: "డ్రాయింగ్‌లో ఆరు ఉందిలే, ఎందుకైనా మంచిది, ఎనిమిది కొట్టు." లావుగా ఉంటే బలమే కదా అని మనకూ అనిపిస్తుంది. ట్యాంకు విషయంలో అది తప్పు.

లెక్క చూడండి. ఫిల్లెట్ లెగ్ 6 మి.మీ. అయితే అడ్డంగా కోసి చూస్తే వైశాల్యం 18 చదరపు మి.మీ. లెగ్ 8 అయితే 32. పెరిగింది రెండు మిల్లీమీటర్లే, పోసే లోహం మాత్రం ముప్పాతిక వంతుకు పైగా ఎక్కువ. 12 కొడితే నాలుగింతలు. రాడ్లూ అంతే, మీరు పీల్చే పొగా అంతే.

పోసిన లోహం చల్లారుతూ ముడుచుకుని ప్లేటును లాగుతుంది. బాటమ్ ప్లేట్లు పలచన కాబట్టి అప్పడంలా ఉబ్బుతాయి, పునాదికి ఆనవు. ట్యాంకు నింపినప్పుడల్లా, ఖాళీ చేసినప్పుడల్లా ఆ ఉబ్బు కిందికీ పైకీ ఆడుతుంది. చివరికి అతుకు దగ్గర పగులు వస్తుంది.

ఇంతకన్నా భయం రూఫ్ దగ్గర. లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే ముందు రూఫ్ అతుకే ఊడేలా కొన్ని ట్యాంకులు కడతారు. ఏపీఐ 650 ప్రకారం అలాంటి ట్యాంకులో రూఫ్‌ను టాప్ యాంగిల్‌కు కలిపే ఫిల్లెట్ 5 మి.మీ. దాటకూడదు. అక్కడ 'గట్టిగా' కొడితే రూఫ్ ఊడకుండా అడుగు అతుకు చీలవచ్చు. ఆయిలంతా కింద ఉన్న మనుషుల మీదికే.

ఇక జీతం సంగతి. క్యూసీ తిప్పికొట్టాక "వెల్డర్ తప్పు" అని రాసి, గ్రైండింగ్ ఖర్చు మీ మీద వేస్తారు. సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణం ప్రకారం, నష్టం మీ తప్పు వల్లో, మీరు చెప్పింది వినకపోవడం వల్లో జరిగితేనే కోయొచ్చు. అప్పుడు కూడా నెలకు 5 రోజుల జీతం మించి కోయకూడదు. దానిపై అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది. ఫోర్‌మన్ చెప్పినట్టే కొట్టినప్పుడు అది మీ తప్పెలా అవుతుంది? డ్యూటీ గంటలు దాటి రీవర్క్ చేయిస్తే అదీ ఓవర్‌టైమే: గంట జీతం, దానిపై బేసిక్‌లో సగం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం.

నోటి మాటకు సాక్ష్యం ఉండదు. అందుకే రాడ్ పట్టే ముందే ఫోర్‌మన్‌కు ఒక మెసేజ్ పెట్టండి: "సార్, ఈ జాయింట్‌కు డ్రాయింగ్‌లో 6 ఉంది, మీరు 8 అన్నారు. కొట్టమంటారా?" హిందీలో పెట్టినా చాలు. ఫొటో మాత్రం వద్దు, ఆయిల్ సైట్లలో కెమెరా వాడితే అదో కొత్త కేసు. కోత పడితే ఆ మెసేజ్, పే స్లిప్ పట్టుకుని ముందుగా కార్మిక శాఖ రాజీ విభాగంలో ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతేనే లేబర్ కోర్టు.