బ్యాటరీ హెల్త్ పుట్టిన కథ

సెకండ్‌హ్యాండ్ ఐఫోన్ కొనేవాళ్లు గీతలు, పగుళ్లు తర్వాత చూస్తారు. ముందు అడిగేది "బ్యాటరీ హెల్త్ ఎంత?" అనే. 91 శాతం అంటే బేరం సాగుతుంది, 79 అంటే ధర దిగుతుంది. ఇంత పెత్తనం చేసే ఈ అంకె 2018 మార్చికి ముందు ఐఫోన్ సెట్టింగుల్లో లేనే లేదు. ఆపిల్ ముచ్చటపడి పెట్టిందీ కాదు.

అంతకుముందు కొన్ని ఐఫోన్ 6, 6ఎస్ ఫోన్లు ఛార్జి మిగిలుండగానే టక్కున ఆగిపోయేవి. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1తో ఆ బాధ చాలావరకు తగ్గింది. ఎలా తగ్గించారో మాత్రం కంపెనీ వివరంగా చెప్పలేదు. డిసెంబరులో ప్రైమేట్ ల్యాబ్స్‌కు చెందిన జాన్ పూల్ ఫోన్ వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ స్కోర్లు పోగేసి చూస్తే, ఒకే మోడల్ ఫోన్లు రకరకాల వేగాలతో నడుస్తున్నాయి! బ్యాటరీ నీరసిస్తే ప్రాసెసర్‌కు కళ్లెం వేస్తున్నామని ఆపిల్ అప్పుడు ఒప్పుకుంది. క్షమాపణ చెప్పింది, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది, ఐఓఎస్ 11.3తో ఆ శాతాన్ని తెరమీదికి తెచ్చింది. ఇంజనీరింగ్ పరంగా కళ్లెం వేయడం సబబే. దాచడమే తప్పు.

అసలు బ్యాటరీ ఎందుకు నీరసిస్తుంది? ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1980లో శాస్త్రవేత్త గుడ్‌ఎనఫ్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లో దానికి లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్‌గా పనికొస్తుందని కనిపెట్టింది. 1985లో జపాన్‌లో అకిరా యోషినో దానికి కార్బన్ ఎలక్ట్రోడ్ జతచేశాడు. 1991లో సోనీ ఆ బ్యాటరీని మార్కెట్‌కు తెచ్చింది. ఛార్జి ఎక్కినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి చేరతాయి, ఫోన్ వాడుతుంటే వెనక్కి వస్తాయి. మొదటి ఛార్జింగ్‌లోనే గ్రాఫైట్ మీద పాలమీద మీగడలా పల్చటి పొర కడుతుంది. అది లేకపోతే బ్యాటరీ నిలవదు. కానీ ఏళ్ల తరబడి మందమవుతూ లిథియాన్ని మింగుతుంది, కెపాసిటీ తగ్గుతుంది. లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. కెమెరాయో గేమో ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజి పడిపోయి ఫోన్ ఆగిపోతుంది. జనం చూసే శాతం కెపాసిటీది మాత్రమే. నిరోధం సంగతి పాత మోడళ్లలో దానికి తోడుగా ఉండే 'పీక్ పెర్ఫార్మెన్స్' వాక్యంలో ఉంటుంది. దాన్ని చదివేదెవరు?

ఆండ్రాయిడ్ వైపు ఒక పద్ధతంటూ లేదు. శామ్‌సంగ్ 85 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే వీలు కొన్నేళ్ల కిందటే ఇచ్చింది. బ్యాటరీ హెల్త్ శాతాన్ని గూగుల్ తన పిక్సెల్ 8ఏ, ఆ తర్వాతి ఫోన్లకే పరిమితం చేసింది. 2025 జనవరిలోనైతే పిక్సెల్ 4ఏకి అప్‌డేట్ పంపి, కొన్ని ఫోన్ల బ్యాటరీ కెపాసిటీనే కుదించింది. ఆపిల్‌లా కాకుండా ముందే చెప్పింది, ఉచితంగా బ్యాటరీ మారుస్తామనీ అంది.

ఐఫోన్ 15 బ్యాటరీ 500 ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత 80 శాతం నిలుస్తుందని మొదట చెప్పిన ఆపిల్, 2024 ఫిబ్రవరిలో మళ్లీ పరీక్షించి ఆ లెక్కను 1000కి పెంచింది. అదీ అనుకూల పరిస్థితుల్లోనే. ఫోన్ వాడకానికి ఆ కంపెనీ చెప్పే పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం 40 దాటడం మామూలే. అప్పుడు మందపాటి కవర్ తీయకుండా, ఛార్జర్ పెట్టి గేమ్ ఆడితే గ్రాఫైట్ మీది ఆ పొర ఇంకా వేగంగా మందమవుతుంది.