పంట పండుగలో పేదల వంతు

వానలు వెనకబట్టి ఎండ మెత్తబడే శరత్కాలం మన పత్తికొండ ప్రాంతానికి రుచుల కాలం. జూన్, జూలై నెలల్లో విత్తిన వేరుశనగ దసరా దాటేసరికి చేతికొస్తుంది. పచ్చి బుడ్డలు ఉప్పు వేసి ఉడికిస్తే వీధంతా ఆ వాసనే. గుట్టల మీది సీతాఫలాలు గంపల్లో బస్టాండుకు దిగుతాయి. కొత్త కొర్రల అన్నం, జొన్నరొట్టెలోకి కొత్త శనక్కాయల పొడి... ఏ కాలపు రుచి ఆ కాలానిదే.

తిని సంతోషించడం భక్తికి తక్కువైన పని అని కొందరు విశ్వాసులు అనుకుంటారు. ఉపవాసం దేవునిది, విందు లోకానిది అన్నట్టు మాట్లాడతారు. బైబిలు అలా చెప్పదు. కళ్ళం నుంచి ధాన్యం, గానుగ నుంచి ద్రాక్షారసం ఇంటికి చేరాక ఏడు రోజులు పర్ణశాలల పండుగ చేసుకుని సంతోషించమని దేవుడే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు (ద్వితీ. 16:13-15). అది కూడా శరత్కాలపు పండుగే. అయితే ఆ ఆజ్ఞలో ఒక జాబితా ఉంది. ఇంట్లో కొడుకు, కూతురుతో పాటు దాసుడు, దాసి, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు కూడా ఆ సంతోషంలో ఉండాలి. వాళ్ళు లేని పండుగ దేవుడు చెప్పిన పండుగ కాదు.

ఈ సంగతి ఆలోచిస్తుంటే ఉత్తర ఐరోపాలోని స్కాండినేవియా దేశాలు గుర్తుకొస్తాయి. అవి మనకు పూర్తిగా పరాయివి కావు. 18వ శతాబ్దిలో బైబిలును తెలుగులోకి అనువదించిన బెంజమిన్ షుల్జ్ జర్మనీ దేశస్థుడైనా, డెన్మార్క్ రాజు ఆదరణతో తరంగంబాడిలో మొదలైన మిషన్‌కు చెందినవాడే. సుదీర్ఘమైన చలికాలం ముంచుకొచ్చే ముందు ఆ దేశాల వారికి శరత్కాలం గొప్ప సంబరం. డెన్మార్క్‌లో అక్టోబరు నెల బడి సెలవులను ఇప్పటికీ బంగాళదుంపల సెలవులు అంటారు. ఒకప్పుడు పిల్లలు దుంపలు తవ్వడానికి చేలకు వెళ్ళేవారు మరి! నార్వేలో సెప్టెంబరు చివరి గురువారం పొట్టేలు మాంసం, క్యాబేజీ, మిరియాలు కలిపి గంటలకొద్దీ ఉడికించిన ‘ఫోరికోల్’ తింటారు. స్వీడన్ చర్చిల్లో అక్టోబరు రెండో ఆదివారం కృతజ్ఞతా ఆరాధన జరుగుతుంది.

స్వీడన్‌లో ఇంకో మంచి ఆచారం ఉంది. అడవి ఎవరిదైనా సరే, అందులో కాసిన లింగన్ అనే పుల్లని ఎర్ర పండ్లను, పుట్టగొడుగులను ఎవరైనా వెళ్ళి ఏరుకోవచ్చు. దాన్ని ‘ప్రతి మనిషి హక్కు’ అంటారు. 1994లో దాన్ని రాజ్యాంగంలో కూడా చేర్చారు.

ఇది మోషే ధర్మశాస్త్రానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. పొరుగువాని పంటచేనులో చేతితో వెన్నులు తుంచుకుని తినవచ్చు, కొడవలి మాత్రం వేయకూడదు (ద్వితీ. 23:25). యేసుప్రభువు శిష్యులు ఆకలితో వెన్నులు తుంచి తిన్నప్పుడు పరిసయ్యులు విశ్రాంతిదినం మీరారన్నారే గాని, దొంగతనం చేశారనలేదు. ఆకలిగొన్నవాడికి చేనులో వంతుందని వారికీ తెలుసు.

ఆ వంతు పేరు మన పల్లెల్లో పరిగె. బుడ్డల పంట పీకేనాటికి నేల గట్టిపడితే కాయలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. వాటిని ఆడవాళ్ళు, పిల్లలు తవ్వి ఏరుకుంటారు. చేను అంచుల దాకా కోయవద్దని, రాలినదాన్ని పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని దేవుడు చెప్పాడు (లేవీ. 19:9,10). మోయాబీయురాలైన రూతు బతికింది ఆ పరిగెతోనే. దావీదు వంశం, ఆ వంశంలో క్రీస్తు జననం ఆ పొలం గుండానే సాగివచ్చాయి.

అయితే హక్కు ఒకటే చాలదు. అదే స్వీడన్ అడవుల్లో వ్యాపారం కోసం పండ్లు ఏరడానికి కొన్ని దశాబ్దాలుగా థాయ్‌లాండ్ పల్లెల నుంచి వేలమంది అప్పులు చేసి వెళ్తూ వచ్చారు. పండ్లు కాయని ఏడాది అప్పు మాత్రమే మిగిలినవారున్నారు. ఒకరి విందు వెనక ఇంకొకరి నడుము నొప్పి ఉంటుంది.

మనకు ఇది కొత్త కాదు. మన పల్లెల నుంచి గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు వెళ్ళడాన్ని సుగ్గికి పోవడం అంటాం. పక్కనున్న కన్నడంలో సుగ్గి అంటే పంటల కాలం, పండుగ కాలం. ఆ పండుగ మాట మన దగ్గర వలస మాటైపోయింది! ఇళ్ళకు తాళాలు పడతాయి, లేదా అవ్వాతాతలు, చిన్నపిల్లలు మిగులుతారు. టమోటా ధర పడిపోయిన రోజున రైతు తన పంటను తానే రోడ్డు మీద పారబోస్తాడు. ఇలాంటి చోట ఆనందించండి అని ఏ నోటితో చెప్పగలం?

నెహెమ్యా కాలంలోనూ జనం ఏడ్చారు. అప్పుడు ఆయన ఏడుపు మాని మంచి భోజనం చేయమన్నాడు. ఆ మాటతో పాటే, ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి వంతులు పంపమన్నాడు (నెహె. 8:9-12). వారు అలాగే చేశారు. ఆ నెలలోనే పర్ణశాలల పండుగనూ ఆచరించారు. వంతులు పంపిన చేతులకే పండుగ చేసుకునే బలం వచ్చింది.

మన సంఘాల్లో కోతపండుగ నాడు గుమ్మడికాయలు, కోళ్ళు, ధాన్యం తెచ్చి వేలం పాడతాం. ఆ డబ్బు సంఘానికి అవసరమే. అయితే పాట మొదలుకాక ముందే ఒక వంతు పక్కన పెడదాం. సుగ్గికి పోయిన ఇళ్ళలో మిగిలిన అవ్వకు, బడికి పోయే మనవడికి అది చేరాలి. చేనున్నవారు పరిగె ఏరుకునే వారిని అదిలించకుండా ఉండాలి. సీతాఫలాల గంప దించిన అక్కతో రెండు రూపాయలకు బేరమాడకుండా ఉండాలి. కూలి డబ్బు మర్నాటి దాకా ఆపకూడదన్న ఆజ్ఞ పరిగె ఆజ్ఞ ఉన్న అధ్యాయంలోనే ఉంది (లేవీ. 19:13). కోసినవారి కూలి బిగబడితే వారి మొర దేవుని చెవిని చేరుతుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 5:4).

ఉడికించిన బుడ్డలు పళ్ళెంలో పోసుకున్నప్పుడు దేవునికి వందనాలు చెప్పి తృప్తిగా తిందాం. తినేముందు ఒక దోసెడు పక్కింటికి పంపుదాం. దేవుడు చెప్పిన పంట పండుగ అదే.